తడి గోతం

నీళ్ళు తాగితే గానీ ఏ కట్టడమూ గట్టిపడదని దేవకమ్మకు తెలుసు. ముప్పై ఏళ్ళు కట్టడాల్లో చిత్తాళు కూలి పని చేసిన మనిషి ఆమె. మేస్త్రీల కింద ఇటుకలు మోసింది, ఇసుక జల్లించింది, సిమెంటు కలిపింది. అయితే ఏ మేస్త్రీ అయినా ఆమెను కోరి పిలుచుకున్నది నీళ్ళు పట్టడానికే. కొత్త స్లాబు మీద చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి. స్తంభాలకు గోతాలు చుట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి తడపాలి. కొత్త సిమెంటులో లోపలి నుంచి వేడి పుడుతుంది. చెయ్యి ఆనిస్తే జ్వరం తగిలిన బిడ్డ ఒంటిలా ఉంటుంది. ఆ వేడి దించకపోతే బీట వారుతుంది.

అందుకే ఆ సోమవారం మధ్యాహ్నం మనవరాలి ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనించి చూసి ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది. పిల్ల దాన్ని చార్జింగులో వదిలి కాలేజీకి పోయింది. అది కాగిపోతోంది.

తమిళనాట వేలూరు పక్కనున్న గుడియాత్తంలో ఏప్రిల్ ఎండ. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు స్లాబులు వేశారో లెక్కలేదు గానీ, ఆమె కుటుంబం ఉంటున్నది మాత్రం రేకుల కింద. దేవకమ్మ కూతురు గోమతి, అల్లుడు ప్రభు బెంగళూరులో కట్టడం పనుల్లోనే ఉన్నారు. వాళ్ళు అద్దాల మేడలు కడుతుంటే, వాళ్ళ బిడ్డ ఆర్తి ఇక్కడ అవ్వ దగ్గర పెరిగి, రోజూ వేలూరికి బస్సులో పోయి కంప్యూటర్ చదువు చదువుతోంది. ఆ ల్యాప్‌టాప్ కూడా ప్రభు పనిచేసే చోట ఒక ఇంజనీరు వాడి వాడి విసిగి ఇచ్చేసినదే. ముసలిది. నాలుగు గంటలు పనిచేస్తే నిప్పుల కుంపటి అయ్యేది.

"ఇది వేడెక్కిందంటే ఆగిపోతుందవ్వా. శుక్రవారం దాకా చల్లగా ఉంటే చాలు నాకు," అని ఆర్తి వారం రోజులుగా అంటూనే ఉంది.

శుక్రవారం ఆమె నాలుగు నెలలుగా చేసిన ప్రాజెక్టును కాలేజీలో పెద్దల ముందు నడిపి చూపాలి. చూపలేకపోతే ఆఖరి సంవత్సరం తప్పినట్టే. మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. జనవరిలో కాలేజీకే వచ్చి ఆమెను ఎంచుకున్న బెంగళూరు కంపెనీ అన్నాళ్ళు ఆగదు. ఇదంతా ఆర్తి ఎన్నోసార్లు చెప్పింది. దేవకమ్మకు మిగతా చదువు సంగతులు తెలియవు గానీ, ఆ శుక్రవారం మాత్రం మనసులో మేకులా దిగింది.

కరెంటుకూ నీళ్ళకూ పడదని తెలియని మనిషి కాదు ఆమె. ముందు గోడలోంచి ప్లగ్గు పీకింది. వైరు చుట్టి దూరంగా పెట్టింది. ఆ తరువాతే బియ్యపు గోతాలు రెండు తొట్టిలో ముంచి, పిండి, నాలుగు మడతలు వేసింది. ఒకటి కింద పరిచి, దాని మీద మూసి ఉన్న ల్యాప్‌టాప్ పెట్టి, పైన రెండోది కప్పింది. ఎండ తిరిగే లోపల మూడుసార్లు నీళ్ళు చిలకరించింది. నాలుగు గంటలకు చెయ్యి పెట్టి చూస్తే కడవ పక్కలా చల్లగా ఉంది. ఆమె కడుపు నిండింది. పమిట కొంగుతో ఒత్తి తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టింది. ఆర్తి సాయంత్రం తలనొప్పితో వచ్చి రెండు ముద్దలు తిని పడుకుంది. చెప్పడానికి దేవకమ్మకు ఏమీ అనిపించలేదు. నీళ్ళు పట్టిన సంగతి ఎవరైనా గొప్పగా చెప్పుకుంటారా?

మంగళవారం పొద్దున ఆర్తి ల్యాప్‌టాప్ తెరిచి మీట నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది.

"కరెంటు ఉండాదా అవ్వా?"

"ఉండాది కదమ్మణ్ణీ. ఫ్యాను తిరుగుతా ఉండాది చూడు."

ఆర్తి వైరు పెట్టింది. చార్జర్ మీద పచ్చ దీపం వెలిగింది. ల్యాప్‌టాప్ మీద ఏ దీపమూ వెలగలేదు. వంటింటి ప్లగ్గులో పెట్టి చూసింది. పక్కింటి వాళ్ళ ప్లగ్గులో పెట్టి చూసింది. మూత మీద చెవి పెట్టి విన్నది. రోజూ లోపల తుమ్మెదలా తిరిగే చిన్న ఫ్యాను చప్పుడు కూడా లేదు. వీధి చివర తిరువేంగడం అంగట్లో ఉన్న రూపాయి ఫోనుకు పరుగెత్తి, తన స్నేహితురాలు జెన్సికి ఫోన్ చేసి, అడిగి వచ్చింది.

"బ్యాటరీ తీసేసి, మీటని ముప్పై లెక్కపెట్టే దాకా నొక్కి పట్టుకోవాలంట. లోపల నిలిచిన కరెంటు పోతాదంట."

ఆమె ల్యాప్‌టాప్‌ను తిరగేసి, అడుగున గడియ జరిపి, పలక లాంటిది ఒకటి ఊడదీసింది. అది చూసి దేవకమ్మ చేతిలోని చెంబు జారింది.

"అదేందే అది?"

"బ్యాటరీ అవ్వా. వైరు లేకపోయినా దీంట్లో కరెంటు ఉంటాది."

వైరు లేకపోయినా. దేవకమ్మ గడప మీద కూర్చుంది. ఆమె పీకింది గోడలోని కరెంటును మాత్రమే. పెట్టె లోపల ఇంకో కరెంటు ఉందని ఎవరు కలగన్నారు? ఆర్తి మీటను నొక్కి పట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది. ముప్పై అయ్యే లోపల చెప్పేయాలని దేవకమ్మ అనుకుంది. పదిహేను దగ్గర నోరు తెరిచింది. ఇరవై దగ్గర మూసుకుంది.

ఎలా చెప్పాలి? జనవరిలో ఉద్యోగం వచ్చిందని ఆర్తి ఎగురుకుంటూ వచ్చిన రోజు, దేవకమ్మ పిల్ల నోట్లో చక్కెర వేసి, వెనక్కి తిరిగి ఏడ్చింది. ఆర్తి చూడనే చూసింది. "నేను పోతే ఏమయిపోతావవ్వా నువ్వు" అని నవ్వుతూనే అడిగింది గానీ, ఆ తరువాత బెంగళూరు మాట ఇంట్లో మెల్లగానే అంటూ వచ్చింది. ఇప్పుడు నేనే తడిపానంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది?

"ముప్పై," అంది ఆర్తి. బ్యాటరీ లేకుండా వైరు పెట్టి నొక్కింది. లేదు. బ్యాటరీ పెట్టి నొక్కింది. లేదు. "నెల దినాల కింద చేసిందే సీడీలో ఉండాది. ఆ తర్వాత చేసిందంతా దీంట్లోనే ఉండాదవ్వా. అంతా దీంట్లోనే."

"మళ్ళా మళ్ళా నొక్కబాకమ్మా," అంది దేవకమ్మ. జారిన చెంబు తీసి పక్కన పెట్టింది.

వేలూరు పాత బస్టాండు దగ్గర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే మనిషి ఉన్నాడని జెన్సి చెప్పిందట. ఆర్తి బయలుదేరింది. దేవకమ్మ కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెందుకవ్వా ఈ ఎండలో?"

"వస్తా. నేనూ వస్తా."

బస్సు కె.వి.కుప్పం దాటింది. ఆర్తి సంచిని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. దేవకమ్మకు ఆ గాలిలో ఇరవై ఆరేళ్ళ నాటి ఇంకో ఎండ తగిలింది.

పరదరామి దగ్గర ఒక రైతు ఇల్లు. ఆమె మగడు అంజప్ప మేస్త్రీగా సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. స్లాబు వేసిన నాలుగో రోజు గోమతికి అమ్మవారు పోసింది. దేవకమ్మ రెండు రోజులు బిడ్డ పక్కనుంచి కదల్లేదు. వైశాఖమాసపు ఎండలో ఆ రెండు రోజులూ స్లాబు ఎండిపోయింది. మూడో రోజు పోయి గబగబా నీళ్ళు నిలిపి, మగడితో ఏమీ చెప్పలేదు. నెల తిరక్కముందే బీట కనబడింది. ఇంటి ఆసామి నిలదీస్తే, అంజప్ప పదిమందిలో రొమ్ము చరుచుకున్నాడు. "నా పెండ్లాం నీళ్ళు పట్టిన స్లాబు పగలదు సామీ. నీ సిమెంటు మంచిది కాదు." సిమెంటు మంచిదేనని తేలింది. అంజప్ప పేరు పోయింది. ఒక్కరూ పనికి పిలవలేదు. ఒకరోజు పొద్దున పని వెతుక్కుంటానని అరక్కోణం బస్సెక్కాడు. అక్కడినుంచి ఒక కార్డు వచ్చింది. అందులో స్లాబు సంగతి ఉంటుందేమోనన్న భయంతో దేవకమ్మ దాన్ని ఎవరిచేతా చదివించలేదు. అంగడి పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, తానే నేర్చుకుని చదివే సరికి ఆరు నెలలు పట్టింది. మూడే ముక్కలు. బిడ్డ జాగ్రత్త. నేను రైలెక్కుతున్నాను. నువ్వు నీళ్ళు పట్టినావు గదా?

కార్డు మీద చిరునామా లేదు. ఆ ప్రశ్నకు జవాబు పంపే దారి లేదు. మనిషి తిరిగి రాలేదు.

పాత బస్టాండు పక్క సందులో, ఇరుకు మెట్ల మీద ఉంది ఆ అంగడి. లోపల ఊడదీసిన ల్యాప్‌టాప్‌లు కోడిపెట్టల్లా రెక్కలు విప్పుకుని పడి ఉన్నాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్న ముప్పై ఏళ్ళ మనిషి, తంగరాజ్, అరవంలోనే పలకరించాడు. అవ్వా మనవరాలూ తెలుగులో గుసగుసగా మాట్లాడుకోవడం విని నవ్వాడు.

"మన పక్కోళ్ళేనా? మాది కాట్పాడి. కూర్చో పాట్టీ," అని అవ్వకు స్టూలు జరిపి, ఆర్తి వైపు తిరిగాడు. " ఏమయిందమ్మా దీనికి?"

ఆర్తి చెప్పింది. చార్జర్, ప్లగ్గులు, బ్యాటరీ, ముప్పై లెక్క, అంతా.

"పరవాలే, సగం పని నువ్వే చేసినావు." అతను చార్జర్ కొసకు మీటరు తగిలించాడు. ముల్లు లేచింది. "చార్జర్ బాగుండాది." బ్యాటరీ తీసి పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ అడుగున ఒక చిన్న మూత విప్పాడు. అక్కడినుంచి వేలెడంత పచ్చ పలకను లాగి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్దడం మొదలుపెట్టాడు.

దేవకమ్మ ఉండబట్టలేక అడిగింది. "అది బడి పిల్లోళ్ళు వాడే రబ్బరు కదా నాయనా?"

"ఆమా పాట్టీ, అదే రబ్బరు. పెద్ద మందులన్నీ ఎందుకు? నా దగ్గరికి వచ్చేవాట్లో సగం ఈ రబ్బరుతోనే లేస్తాయి. నాకు చదువు అబ్బలేదని మా నాయన తిట్టేవాడు. రబ్బరు మాత్రం అబ్బింది."

ఆర్తి కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూసి దేవకమ్మకు ఆశ పుట్టింది. రబ్బరుతోనే లేస్తుందేమో. లేస్తే ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తల్లీ, లేపు. మా ఊరి కెంగమ్మ తల్లీ, ఈ ఒక్కసారికి లేపు.

తంగరాజ్ పలకను బిగించి, మీట నొక్కాడు. రాలేదు.

అతను కళ్ళద్దాలు కిందికి దింపుకున్నాడు. బల్ల మీదున్న ఒక ఇనుప పెట్టెను ముందుకు లాక్కున్నాడు. దానినుంచి రెండు వైర్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, మొసలి నోళ్ళలాంటి కొక్కేలతో వేలాడుతున్నాయి.

"ఇంక ఒకటే దారి. ఈ పెట్టెలోనుంచి నేరుగా కరెంటు ఇస్తా. కొన్ని మొండి గుర్రాలు ఉంటాయి, ఇట్ల ఒక దెబ్బ వేస్తేనే లేస్తాయి. అయితే ముందు ఒక మాట చెప్పమ్మా. దీంట్లో నీళ్ళు పడినాయా? కాఫీ, మజ్జిగ, ఏదైనా సరే. నిజం చెప్పాల. తడి ఉంటే ఈ కరెంటుకి లోపల ఉండేదంతా మాడిపోతాది. నువ్వు రాసి పెట్టుకున్నది కూడా మిగలదు."

"లేదన్నా," అంది ఆర్తి వెంటనే. "దీని పక్కన నేను నీళ్ళ చెంబు కూడా పెట్టను. పగలంతా ఇంట్లో మా అవ్వే ఉంటాది. ఈగని కూడా వాలనీదు. మా అవ్వ చూసుకున్న వస్తువుకి ఏమీ కాదు."

"అయితే సరి," అని తంగరాజ్ ఎర్ర వైరు కొక్కెం తెరిచాడు.

నా పెండ్లాం నీళ్ళు పట్టిన స్లాబు పగలదు సామీ. దేవకమ్మ చెవుల్లో అదే గొంతు, అదే రొమ్ము మీద చరుపు. ఎర్ర కొక్కెం ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. నల్ల కొక్కెం తెరుచుకుంది.

"నాయనా, ఆగు!"

ఆమె ఎలా లేచిందో ఆమెకే తెలియదు. తంగరాజ్ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"తడి ఉండాది. నేనే తడిపినా."

"ఏం తడిపినావు పాట్టీ?"

"దాన్నే. నిన్న. కింద ఒక గోతం, పైన ఒక గోతం. మూడు తూర్లు నీళ్ళు చల్లినా. వేడిగా ఉండింది నాయనా. వేడెక్కితే ఆగిపోతాదని బిడ్డ చెప్పింది. గోడలో వైరు పీకినా నేను. లోపల ఇంకో కరెంటు ఉంటాదని నాకేం తెలుసు?"

తంగరాజ్ ముందు అర్థం కానట్టు చూశాడు. తరువాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "కట్టడం పనా మీది? క్యూరింగ్ చేసినావా దీనికి? ఇంకో వారం నీళ్ళు పట్టింటే పైన ఇంకో అంతస్తు లేపేసుండచ్చు పాట్టీ!"

ఆర్తి నవ్వలేదు. అవ్వ ముఖం వైపే చూస్తూ ఉంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

తంగరాజ్ నవ్వు ఆపి, వైర్లు దూరంగా పడేసి, మరలు ఒక్కొక్కటే విప్పాడు. అక్షరాల పలకను పైకి లేపాడు. దాని కింద, పచ్చ బోర్డు మూలల్లో, నీళ్ళు ఇంకా చిన్న చిన్న పూసల్లా మెరుస్తున్నాయి. బ్యాటరీ తగిలే చోట తెల్లగా పొడి లేచింది.

"ఉప్పు పూసింది," అంది దేవకమ్మ. ఇటుక గోడలకు ఆమె ఎన్నిసార్లు చూసిందో అది. బోరు నీళ్ళ ఉప్పు.

"ఆమా, ఉప్పే. బ్యాటరీ పెట్టి తడిపితే ఇట్లనే తినేస్తాది. బోర్డు లేస్తాదని నేను మాటియ్యనమ్మా. లోపల డిస్కు మాత్రం మూసి ఉంటాది. దాన్ని తీసి ఆరబెట్టి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూస్తా. ఇందాక కరెంటు ఇచ్చుంటే ఆ డిస్కు కూడా పోయుండేది. రెండు గంటలు కూర్చోండి."

పెద్ద అగ్గిపెట్టె అంత డిస్కును అతను దూదితో తుడిచి, టేబుల్ దీపం కింద ఒక గుడ్డ మీద పెట్టాడు. ఆర్తి లేచి బయటికి వెళ్ళింది. దేవకమ్మ వెనకాలే వెళ్ళింది. మెట్ల మీద, నీడ ఉన్న చోట, ఆర్తి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది.

"పొద్దున నుంచీ తెలుసు కదా నీకు," అంది తల ఎత్తకుండానే.

"తెలుసు."

"నేను నొక్కుతా ఉండా. నొక్కుతా ఉండా. నువ్వు చూస్తా ఉండావు."

దేవకమ్మ కొంగుతో ముఖం ఒత్తుకుంది.

"నేను బెంగళూరికి పోకూడదనేనా అవ్వా?"

ఆ మాట వస్తుందని దేవకమ్మకు తెలుసు. అయినా అది ఆమె అనుకున్న దానికన్నా లోతుగా తగిలింది. పక్కనున్న గోడ పట్టుకుని ఒక మెట్టు కింద కూర్చుంది.

"నువ్వు పోతావనే భయం ఉండాది. అది నిజం. అట్లని నీ చదువు మీద నీళ్ళు పోసేంత పాపిష్టి దాన్ని కాదమ్మా. చల్లగా ఉంటాదనే తడిపినా. మంచే చేస్తా ఉండా అనుకున్నా. పొద్దున ఆ బ్యాటరీ చూసినాక..." ఆమె ఆగింది. "చెప్తే నువ్వు ఇట్ల అడుగుతావని భయపడినా. ఇట్లనే అడిగినావు."

ఆర్తి మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది.

అప్పుడు దేవకమ్మ, ఇరవై ఆరేళ్ళుగా కన్నకూతురికి కూడా చెప్పని సంగతి, ఆ మెట్ల మీద కూర్చుని చెప్పింది. గోమతికి పోసిన అమ్మవారు, ఎండిన రెండు రోజులు, పరదరామి ఆసామి ముందు అంజప్ప చరుచుకున్న రొమ్ము, చిరునామా లేని కార్డు. కింద సందులో సైకిళ్ళు పోతున్నాయి, ఒకడు పుచ్చకాయ ముక్కలు అమ్ముతూ అరుస్తున్నాడు. ఆమె గొంతు ఆ అరుపుల్లో అప్పుడప్పుడూ మునిగిపోయింది. ఆర్తి వింటోందో లేదో తెలియలేదు.

ఆర్తి తల ఎత్తి అడిగింది. "ఆ పొద్దే తాతకి చెప్పింటే పోయుండడా?"

"తెలీదమ్మణ్ణీ. అదే తెలీదు నాకు."

తంగరాజ్ పిలిచాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. డిస్కును పెద్ద కంప్యూటర్‌కు తగిలించి ఉన్నాడు. తెర మీద ఏవో అక్షరాలు పరుగెత్తి ఆగిపోయాయి. "కనబడలే," అన్నాడు. ఆర్తి కళ్ళు మూసుకుంది. అతను వైరు పీకి, కొస మీద నోటితో ఊది, మళ్ళీ గుచ్చాడు. చిన్నగా, దూరంగా తుమ్మెద తిరిగినట్టు చప్పుడు మొదలైంది. తెర మీద పసుపు పచ్చని చిన్న పెట్టెలు వరసగా లేచాయి.

"దీంట్లో యాడ ఉండాది నీ ప్రాజెక్టు?"

ఆర్తి వేలు పెట్టి చూపింది. అతను తెరిచాడు. ఆదివారం ఆమె రాసి పెట్టిన ఆఖరి వరస దాకా ఉంది. ఆర్తి రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. దేవకమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా వెనక్కి తీసుకుంది.

తంగరాజ్ దాన్నంతా సీడీలో ఎక్కించి ఇచ్చాడు. బోర్డును బ్రష్షుతో కడిగి చూస్తానని ల్యాప్‌టాప్‌ను తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంట్లో ఇంక కంప్యూటర్ లేదు. మిగిలిన పని జెన్సి ఉండే హాస్టల్లో, ఆమె కంప్యూటర్‌లో చేసుకోవాలి. శుక్రవారం దాకా ఆర్తి వేలూరులోనే. ఆ సంగతి ఆమె అవ్వతో బస్టాండులోనే చెప్పింది.

"గుడ్డలు?" అంది దేవకమ్మ.

"జెన్సివి ఉండాయి. బస్సు ఎక్కవ్వా, సీటు పోతాది."

అంతే. బస్సు కదిలేటప్పుడు దేవకమ్మ కిటికీలోంచి వెనక్కి చూసింది. ఆర్తి అప్పటికే తిరిగి నడుస్తోంది. చేతిలో సీడీ ఎండకు ఒకసారి తళుక్కుమంది. ఎవరు ఎప్పుడు వెళ్ళినా దేవకమ్మకు కనబడింది వీపే.

ఇంట్లో గోతాలు రెండూ దండెం మీద ఎండి అట్టకట్టి ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. బుధవారం వంట చెయ్యలేదు. తిరువేంగడం అంగడి దగ్గరికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి పోయి, ఎర్ర ఫోను ముందు నిలబడింది.

"మోగితే నేనే కేకేస్తా కదమ్మా," అన్నాడు తిరువేంగడం. "నువ్వు ఇట్ల గుడ్లురిమి చూస్తా ఉంటే అది భయపడి మోగేది కూడా మోగదు."

గురువారం కూడా మోగలేదు. ఆ రోజంతా దేవకమ్మకు ఒకటే ఆలోచన. చెప్పకుండా ఉన్నందుకు ఒక మనిషి పోయాడు. చెప్పినందుకు ఇప్పుడు ఇంకో మనిషి పోయింది. మరి ఎలా ఉండాలి మనిషి? ట్రంకుపెట్టె అడుగునుంచి కార్డు తీసి, ఆ మూడు ముక్కలూ మళ్ళీ కూడబలుక్కుని చదివింది. "పట్టలేదు," అని కార్డుతో పైకే అంది. "రెండు దినాలు పట్టలేదు." కార్డును మళ్ళీ పెట్టెలో పెట్టింది.

శుక్రవారం మూడు గంటలకే బస్టాండుకు పోయి కూర్చుంది. కాట్పాడి మీదుగా వచ్చే బస్సు వచ్చింది. దిగినవాళ్ళందరినీ చూసింది. ఆర్తి లేదు. పళ్ళికొండ మీదుగా వచ్చేది వచ్చింది. లేదు. నడవలేదేమో. అందరి ముందూ ఆగిపోయిందేమో. అక్కడినుంచే ఏదో బస్సెక్కి వాళ్ళమ్మ దగ్గరికి పోయిందేమో. బట్టలు కూడా తీసుకుపోలేదు పిల్ల. అరక్కోణం పోయినవాడు కూడా ఒక్క సంచితోనే పోయాడు. మూడో బస్సు వచ్చి ఆగేసరికి దేవకమ్మకు లేచి నిలబడే ఓపిక కూడా లేదు.

జెన్సి చుడీదారు వేసుకుని, జుట్టు రేగిపోయి, ఆర్తి దిగింది. అవ్వను చూసి, రెండడుగుల దూరంలో ఆగింది.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే." అబద్ధమని ఇద్దరికీ తెలుసు. "నడిచిందా?"

"నడిచింది. మధ్యలో ఒక తూరి ఆగింది. నా ప్రాణం పోయింది. మళ్ళా లేచింది."

"ఆ ల్యాప్‌టాప్పు?"

"అది లేవదంట. బోర్డు తినేసిందంట ఉప్పు."

దేవకమ్మ తల వంచుకుంది.

"జూన్‌లో పోవాలవ్వా నేను. బెంగళూరికి."

"ఆమా," అంది దేవకమ్మ. "పోవాల."

ఆర్తి సంచి కింద పెట్టింది. చుడీదారు చున్నీతో మెడ తుడుచుకుంది. "మూడు దినాలుగా నిద్ర లేదు. తలకాయ కాగిపోతా ఉండాది. ఇంటికి పోయినాక నీ గోతం తడిపి నా నెత్తిన వెయ్యి. బీట వారిపోతానేమో."

దేవకమ్మకు నవ్వు రాలేదు. నవ్వాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. దగ్గరికి పోయి, మనవరాలి నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. వేడిగా ఉంది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, బస్సులు హారన్లు కొడుతుంటే, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళు తోసుకుపోతుంటే, కదలకుండా నిలబడింది.

"పద అవ్వా," అంది ఆర్తి. "అందరూ చూస్తా ఉండారు."